గడప లోపలి పియానో

పియానో కొనడానికి ఇంట్లో అందరూ ఒక్కసారే ఒప్పుకున్నారు. మంగళకు అనుమానం అక్కడే రావాల్సింది. కుక్కర్ రబ్బరు మార్చాలన్నా ముగ్గురు మూడు మాటలు చెప్పి, నాలుగోవారు అలిగే ఇల్లు అది, బొంబాయిలోని ఒక పాత చాల్‌లో వరుసగా ఉన్న ఒంటిగది ఖోలీల్లో ఒకటి.

ఆ రోజు ఉదయమే కూతురు పూనంకు స్నానం చేయించి, మూలన పరిచిన చాప ఎత్తేశారు. చాల్‌లోని ముత్తయిదువలు వచ్చి కుడుకలూ నువ్వుల ముద్దలూ చేతిలో పెట్టి, పిల్ల బుగ్గలు నొక్కి, 'పెద్దమనిషివైనవ్' అని వెళ్లిపోయారు. సాయంత్రం పక్క ఖోలీ నుంచి బావగారు అతుల్ వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, చాయ్ సగం తాగి, కప్పు కింద పెట్టి, "పోరికి పియానో కొందాం" అన్నాడు.

మంగళ మిషన్ ముందు కూర్చుని ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. పెదాల మధ్య గుండుసూదులున్నాయి. ఆశ్చర్యపోవడానికి కూడా నోరు ఖాళీ లేదు.

"కీబోర్డేనా అన్నా?" అన్నాడు ఆమె భర్త తుషార్.

"కీబోర్డ్ గాదు. పియానో. రెండేండ్ల సంది మంగళ అడుగుతనే ఉన్నది గద. నా అంధేరి సైట్‌ల స్లాబు పడ్డది, బిల్లొచ్చింది. నేనే కొనిస్త."

అతుల్ సెంట్రింగ్ కాంట్రాక్టరు. స్లాబు పడ్డ వారం అతను ఎవరికైనా ఏదైనా కొనిస్తాడు. మంగళ సూదులు ఒక్కొక్కటే తీసి పిన్ కుషన్‌కు గుచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమని ఎవరికీ తెలియకూడదని సూది గుచ్చుకున్నట్టు వేలు నోట్లో పెట్టుకుంది.

మంచం మీద కూర్చున్న అత్తగారు గంగాబాయి, "ఔ, కొనున్రి. మంచిదే" అంది. కొత్తిమీర కట్టకు మించి ఖరీదైనదాన్ని గంగాబాయి మంచిదనడం ఆ ఖోలీ గోడలు మొదటిసారి విన్నాయి.

పూనం తలుపు దగ్గర నిలబడి ఉంది. తడి జుట్టు ఇంకా ఆరలేదు. "ఇంట్లనా పెద్దనాయినా? మరి పియానో క్లాసు?"

"క్లాసే ఇంటికొస్తుంటె ఇగ క్లాసెందుకు బేటా? యూట్యూబ్‌ల అన్నీ ఉన్నయ్. ఆ గల్లీలు, ఆ ట్రాఫిక్, ఆ తాగుబోతోల్లు... నువ్వు పెద్దగయినవ్. ఇంట్ల కూసోని నిమ్మళంగ వాయించుకో."

"మన అతుల్ బిడ్డ శీతల్ పెద్దగయినప్పుడు గిట్లనే కుట్టు మిషన్ తెచ్చిండు మీ బావ," అంది గంగాబాయి కోడలి వైపు తిరిగి, మురిపెంగా. "బస్. మల్ల ఆ పిల్ల గడప దాటిందా? పెండ్లయి పొయ్యేదాంక ఎంత బుద్ధిగ కూసునె!"

మంగళ కాలు మిషన్ తొక్కుడు పలక మీద ఆగిపోయింది. శీతల్ మిషన్ సంగతి కాదు ఆమెకు గుర్తొచ్చింది. తన కాలి కింద ఉన్నదీ అలాంటిదే. పుట్టింట్లో, వర్లి చాల్‌లో, తండ్రి దాన్ని భుజం మీద మోసుకుని మెట్లెక్కి వచ్చిన రోజు ఆమె ఖోలీల ముందు గ్యాలరీ అంతా గంతులేసింది. తండ్రి ఎంత మంచివాడో అనుకుంది. ఆ తర్వాత సముద్రం ఒడ్డుకు ఆడుకోవడానికి పోవడం ఎప్పుడు ఆగిపోయిందా అని గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. అంత మెత్తగా ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు. కుట్టవలసిన బట్టలు ఉండేవి, అంతే.

"ఏందే, ఖుషీ లేదా?" అన్నాడు అతుల్ నవ్వుతూ.

"ఉంది బావా. ఎందుకుండదు?" అంది మంగళ. తొక్కుడు పలకను ఒక్క తన్ను తన్నింది. దారం తెగింది.

*

పొద్దున నల్లా నీళ్లు పట్టడం అయ్యాక రొట్టెలు చేస్తూ ఆమె భర్తతో పోట్లాటకు దిగింది. వెనక గ్యాలరీలో అత్తగారు పళ్లు తోముకుంటోంది కాబట్టి గొంతు తగ్గించి పోట్లాడాలి. గొంతులో తగ్గించినదంతా పిండి మీదికి పోయింది. రొట్టెలు ఆ రోజు మరీ పల్చగా వచ్చాయి.

"అన్న మంచికే గద కొంటున్నడు," అన్నాడు తుషార్.

"అందరూ మంచికే కొంటరు. కుక్క మెడకు పట్టా గూడ మంచికే కొంటరు."

"అరే! నువ్వే గద అడిగినవ్? రెండేండ్లు నా చెవులు తిన్నవ్. ఇప్పుడిస్తమంటె ఇట్లంటవ్."

"నేను పియానో అడిగిన. తలుపు మూయమని అడిగిన్నా?"

"తలుపు ఎవరు మూస్తున్నరే? ఈ ఖోలీకి పగలంత తలుపే మూయం."

"పిల్లను దాటనియ్యకుంటె అది తెరిచి ఉంటె ఏంది, మూసి ఉంటె ఏంది?"

తుషార్ రొట్టె చివర నోట్లో పెట్టుకుని గడియారం చూసి ఆఫీసుకు ఆలస్యమైందన్నాడు. ఇంట్లో ఎప్పుడు మాట పెరిగినా అతని ఆఫీసు గంట ముందే తెరుస్తారు. చెప్పులేసుకుంటూ మెల్లగా, "అన్నకు ఎదురు చెప్తె పియానో గూడ రాదు, మంగళా. ఏదో ఒకటి రానీ" అన్నాడు.

ఆ మాట నిజమే. అదే ఆమెను ఎక్కువగా మండించింది. పియానో వద్దంటే పియానో ఉండదు. క్లాసు ఎలాగూ ఉండదు. పిల్లకు పన్నెండేళ్లు వచ్చాయని, ఒంట్లో ఏదో జరిగిందని, నిన్నటిదాకా నడిచిన దారి ఇవ్వాళ ప్రమాదమైపోయింది. దారి అదే. గల్లీలు అవే. తాగుబోతులు కూడా పాతవాళ్లే.

పూనం కిటికీ దగ్గర ఇనుప సందుక ముందు కూర్చుని, దాని మూత మీద వేళ్లు కదుపుతోంది. రెండు చేతులూ ఎడమవైపే ఉన్నాయి. కొంతసేపు కదిలి, ఆగి, ఎవరికోసమో చూసినట్టు కుడివైపు ఖాళీలోకి చూసి, మళ్లీ మొదలుపెడుతోంది.

మంగళ పెనం దించి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. "ఎందుకు ఆగుతున్నవ్ నడుమ?"

"అక్కడ నాది లేదు మమ్మీ. హారికది."

"అంటే?"

"ఇద్దరం కూర్చుని వాయించే పాట. ఒకటే పియానో. లెఫ్ట్ సైడ్ నేను, రైట్ సైడ్ హారిక. నా దగ్గర సగమే ఉంది."

హారిక మంగళకు తెలుసు. గ్రాంట్ రోడ్ పక్కన లేస్తున్న బిల్డింగ్‌లో పని చేసే పాలమూరు కూలీల బిడ్డ. క్లాసు నడిపే సీమా టీచర్ ఆ పిల్లకు ఊరికే నేర్పుతుంది. క్లాసులో ఉన్న ఒక్క పాత పియానోలో సగం మెట్లు నొక్కితే లేవవు. పిల్లలు గోటితో లేపి మళ్లీ నొక్కుతారు.

"పియానో ఇంటికొస్తె మంచిదే గద?" అంది మంగళ, కూతురి ముఖం చూడకుండా.

"మంచిదే."

"మరి?"

పూనం సందుక మూత మీద ధూళిలో పడ్డ వేలి గుర్తులను అరచేత్తో చెరిపేసింది. "ఒక్కటే అయితే క్లాసే కావాలి. పెద్దనాయినకు చెప్పకు. కోపానికొస్తడు."

కోపానికి రావడం ఆ ఇంట్లో ఒక్కరి ఆస్తి కాదని మంగళ అనలేదు. లేచి వెళ్లి, అప్పటికే శుభ్రంగా ఉన్న గ్యాస్ పొయ్యిని మళ్లీ కడిగింది.

*

దుకాణానికి అందరూ వెళ్లారు. గంగాబాయి కొబ్బరికాయ, పసుపు, కుంకుమ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ట్యాక్సీలో ముందు సీటు పట్టింది. కొత్త వస్తువు ఇంటికొచ్చాక కాయ కొట్టాలని తుషార్ అంటే, "నచ్చకుంటె ఆన్నే కొట్టి బేరం తగ్గియ్యొచ్చు" అంది. దాన్నెలా సాధిస్తుందో ఎవరూ అడగలేదు.

దుకాణం చల్లగా ఉంది. అమ్మే కుర్రవాడు టై కట్టుకున్నాడు. అతను ముందు వాళ్ల చెప్పులు చూశాడు, తర్వాత గంగాబాయి సంచి చూశాడు, తర్వాత నవ్వాడు. ఎక్కడి నుంచి వచ్చారని హిందీలో అడిగాడు. చాల్‌లో ఎవరినడిగినా, ఎర్రలైట్ల గల్లీల పక్కన అనలేక, బొంబాయి సెంట్రల్ అని చెప్తారు. అతుల్ కూడా అలాగే చెప్పాడు.

"చాల్ సిస్టమా, ఫ్లాటా సార్?"

"చాల్."

"అయితే మీకు ఇది," అంటూ కుర్రవాడు వాళ్లను గోడ పక్కన నల్లగా మెరుస్తున్న ఒక సన్నని బల్ల లాంటి దాని దగ్గరికి తీసుకెళ్లాడు. కరెంటు పియానో. ఇద్దరు మనుషులు ఎత్తుకుపోవచ్చు. శ్రుతి చేయించే పని లేదు. అన్నిటికంటే గొప్పది ఇదీ అంటూ హెడ్‌ఫోన్స్ తీగ గుచ్చి పూనం చెవులకు తగిలించాడు. "ఇప్పుడు వాయించు బేబీ."

పూనం అందరినీ ఒకసారి చూసి కూర్చుంది. వాయించింది.

ఎవరికీ ఏమీ వినబడలేదు. మెట్ల మీద వేళ్లు పడే చప్పుడు మాత్రం టుక్ టుక్ మని వచ్చింది, మూసిన తలుపును లోపలి నుంచి ఎవరో భయంభయంగా తట్టినట్టు. పిల్ల భుజాలు ఊగుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి. ఆమెకు ఏదో పెద్దది వినబడుతోంది. అడుగు దూరంలో నిలబడ్డ తల్లికి టుక్ టుక్.

"అరే వాహ్!" అన్నాడు అతుల్. "ఎవరికీ తక్లీఫ్ లేదు. టీవీ నడుస్తున్నా వాయించుకోవచ్చు."

"పిల్ల ఇంట్ల ఉన్నట్టే తెలువది," అంది గంగాబాయి తృప్తిగా.

మంగళకు చెవుల్లో వేడి పుట్టింది. శీతల్ మిషన్ కనీసం చప్పుడైనా చేసేది. వర్లిలో తన మిషన్ చప్పుడుకు పక్క ఖోలీ ముసలమ్మ తిట్టేది. తిట్టడానికైనా అక్కడ ఒక పిల్ల ఉందని ఆమెకు తెలిసేది. ఇది ఇంకా బాగా ఆలోచించి చేసిన వస్తువు. పిల్లనూ ఉంచుతారు, పాటనూ ఉంచుతారు, ఏదీ బయటికి రాదు. తయారు చేసినవాడికి ఇంట్లో ఆడపిల్ల ఉండే ఉంటుంది అనుకుంది.

"ప్యాక్ చెయ్యమందునా?" అన్నాడు అతుల్ జేబు తడుముకుంటూ.

మంగళ దుకాణం వెనక్కి చూసింది. అక్కడ గోధుమరంగు కర్రతో, బీరువా అంత ఎత్తున, రెండు ఇత్తడి దీపపు కొమ్ములతో ఒక పాత పియానో నిలబడి ఉంది. పైన పాత బిల్లు పుస్తకాలు, ఒక టిఫిన్ డబ్బా పెట్టారు. "అదేంది?" అంది.

"అది మీకు కాదు మేడమ్," అన్నాడు కుర్రవాడు. "సెకండ్ హ్యాండ్. చాలా బరువు. బంగళాల వాళ్లకు."

మంగళకు కావలసినదానికంటే ఎక్కువే ఇచ్చాడు ఆ కుర్రవాడు. ఆమె తలపై కొంగు సర్దుకుని బావగారి వైపు చూసి, తెలుగులో, మెత్తగా, "మనకు కాదంట బావా. బంగళాల వాల్లకంట" అంది.

అతుల్ చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

"బంగళాలు ఎవరు కట్టిన్రంట?" అన్నాడు. ఇది చాల్‌లో ఏ పెళ్లిలోనైనా, ఏ చావులోనైనా ఎవరో ఒకరు అనే మాట. తాత ముత్తాతలు ఈ నగరంలో మోసిన రాళ్ల లెక్క వాళ్లకు ఇంటి పేరు కంటే బాగా గుర్తు. "ఏయ్, ఆ డబ్బా తియ్ దానిమీదికెల్లి. పూనం, వాయించు."

పూనం వాయించింది. ఒక్క మెట్టు నొక్కగానే దుకాణమంతా కదిలినట్టయింది. ఆ గొంతులో కొంచెం బొంగురు ఉంది, లోపల చెక్క ఊపిరి తీసిన శబ్దం ఉంది. బయట చాయ్ తాగుతున్న ట్యాక్సీవాలా మెడ తిప్పి అద్దంలోంచి చూశాడు. పూనం చేతులు తీసేసినా శబ్దం కాసేపు అక్కడే నిలబడింది. పిల్ల ముఖం చూసి మంగళ చూపు తిప్పుకుంది.

"జోరుగున్నది గానీ," అన్నాడు అతుల్ తల గోక్కుంటూ, "ఆ కరెంటుదే..."

"కరెంటుదే మంచిది బావా," అంది మంగళ వెంటనే. "కాకుంటె ఒక్కటి. మీరు ఇంత పెట్టి కొన్నరని చాల్‌ల ఒక్కరికి గూడ వినపడది. చెవులకు తీగలు పెట్టుకుంటె మీరు కొన్నరో లేదో ఎవరికి ఎర్క?"

అతుల్ ఆలోచించాడు. అతను ఆలోచించేటప్పుడు మీసం చివర నోట్లోకి వెళ్తుంది.

"పైకి ఎట్ల ఎక్కిస్తరు?" అన్నాడు తుషార్. ఎన్నడూ అడగనివాడు సరిగ్గా అప్పుడే అడిగాడు. మంగళ భర్తను చూసిన చూపుకు అతను చేతిలోని ధరల కాగితం నాలుగు మడతలు పెట్టాడు.

కుర్రవాడికి ఆ మాట అర్థమైనట్టుంది. "మెట్ల కొలత తీసుకున్నారా సార్? ఇది విప్పడం కుదరదు. అమ్మాక వాపసు లేదు."

"మా బావగారు సెంట్రింగ్ కాంట్రాక్టరు," అంది మంగళ హిందీలో, అతుల్ నోరు తెరిచేలోగా. "ఇరవై అంతస్తుల పైకి ఇనుము ఎక్కిస్తారు. మాది రెండో అంతస్తు."

"కొలతలు మాకు చెప్తవా?" అన్నాడు అతుల్ కుర్రవాడితో, ఎంతో దయగా.

మంగళకు ఆ మెట్ల కొలత టేపు లేకుండానే తెలుసు. మొదటి మలుపులో గోడ ముందుకొచ్చి ఉంటుంది. అక్కడ పాడె తిరగదు. పై అంతస్తుల్లో ఎవరు పోయినా కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు చీర కట్టి, బతికున్న మనిషిని దించినట్టు దించి, కింద పాడె మీద పడుకోబెడతారు. మామగారిని అలాగే దించారు. కుర్చీ ముందు కాళ్లు పట్టుకుని వెనక్కి వెనక్కి దిగినవాడు ఈ అతులే. అతనికది గుర్తొస్తుందేమోనని ఆమె అతని జేబు వైపే చూసింది.

అతుల్ డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. గంగాబాయి కొబ్బరికాయ అక్కడే కొడతానంది. టై కట్టుకున్న కుర్రవాడు బతిమాలి ఆపాడు.

*

టెంపో వచ్చే రోజు ఉదయం నుంచీ మబ్బు పట్టి ఉంది. గల్లీలో మలుపు తిరగలేక రెండుసార్లు వెనక్కీ ముందుకూ వచ్చి, చివరికి చాల్ గుమ్మం ముందు ఆగింది. నలుగురు హమాలీలు పియానోను దించారు. చాల్‌లోని మూడు అంతస్తుల గ్యాలరీలూ మనుషులతో నిండిపోయాయి. అతుల్ కొత్త షర్టు వేసుకున్నాడు.

"పెట్టె లోపల ఏమున్నదిరా?" అన్నాడు కింది ఖోలీ బుచ్చన్న. ముసలాయన రోజంతా గుమ్మంలో స్టూలు మీద కూర్చుంటాడు. చాల్‌లోకి ఎవరొచ్చినా ఆయన మోకాళ్లు దాటుకునే పోవాలి.

"పియానో మామా. పూనంకు."

"పోరి ఇంత, పెట్టె అంత!"

హమాలీలు పట్టీలు భుజాలకు తగిలించుకుని మెట్ల మీదికి ఎత్తారు. కర్ర మెట్లు మూలిగాయి. మలుపు దగ్గర ఆగారు. నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు, వెనక్కి దించి కాళ్లు పైకెత్తి చూశారు. గోడ సున్నం రాలింది. ఇత్తడి కొమ్ము ఒకటి వంగింది. వాళ్లలో పెద్దవాడు చెమట తుడుచుకుని, తిరగదు సేఠ్ అన్నాడు.

"ఎట్ల తిరగది? అటుకెల్లి లేపు! నేను చెప్తున్న గద!" అతుల్ షర్టు చేతులు మడిచి తానూ దూరాడు. ఇప్పుడు ఐదుగురు తిప్పారు. అప్పుడూ తిరగలేదు.

"విప్పి ఎక్కియ్యరాదా?"

"విప్పితే పొయ్యిలోకి కట్టెలే సేఠ్."

పైన గ్యాలరీలో ఎవరో ముసలామె, "అయ్యో, గంగాబాయి మొగున్ని గూడ ఆన్నే తిప్పలేక కుర్సీల దించిరి గద!" అంది. అతుల్ తలెత్తి చూశాడు. ఆ చూపు అక్కడి నుంచి మెల్లగా జారి మంగళ మీద ఆగింది. మంగళ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట ఆమె చేతికి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"సైట్‌కెల్లి చైన్ పుల్లీ తెప్పిస్త. గ్యాలరీల నుంచి లేపుదాం," అన్నాడు అతుల్.

బుచ్చన్న స్టూలు మీదినుంచి లేచాడు. ఆయన లేవడం చాల్ చూసి చాలా కాలమైంది. "ఏ గ్యాలరీల నుంచి? ఊత కట్టెలు పెట్టి నిలబెట్టిన గ్యాలరీ నుంచా? దాని మీద పావురం వాల్తె నేను లోపల్కి ఉరుకుత. నువ్వు ఏనుగును ఎక్కిస్తవా? బిల్డింగ్ కొత్తగ కడ్తరంట, ఆగు. అప్పటిదాంక నన్ను బతకనీ!"

అన్ని అంతస్తుల నుంచీ ఒకేసారి నోళ్లు లేచాయి. పుల్లీ మాట అక్కడితో పోయింది. హమాలీలు పియానోను గల్లీలోనే గుమ్మం పక్కన దించి, తమ కూలి తీసుకుని వెళ్లిపోయారు. దుకాణానికి ఫోన్ చేస్తే వాపసు లేదన్నారు. ఎవరో పియానో మీద చాయ్ గ్లాసు పెట్టారు. అతుల్ ఆ గ్లాసును విసిరేశాడు.

అప్పుడు పూనం మెట్లు దిగి వచ్చింది. ఎవరినీ అడగలేదు. చాప ఎత్తేశాక ఒంటరిగా గడప దాటడం అదే మొదలు. బుచ్చన్న మోకాళ్లు దాటి వచ్చి, గీసుకుపోయిన కర్రను అరచేత్తో రుద్ది, మూత ఎత్తి, నిలబడే వాయించడం మొదలుపెట్టింది.

గల్లీలో శబ్దం దుకాణంలోలా లేదు. ఇరుకు గోడల మధ్య అది పైకి లేచి, గ్యాలరీల్లో ఆరేసిన బట్టల మధ్యనుంచి మూడో అంతస్తు దాకా పోయింది. హారన్ కొట్టబోయిన స్కూటర్ మనిషి కాలు కింద పెట్టి ఆగాడు. పాట కొంత దూరం నడిచి ఆగింది. అందరూ ఎదురుచూశారు. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది.

"ఆపుతవేందే నడిమిట్ల?" అన్నాడు బుచ్చన్న. "మిగిలిందేది?"

"అది హారిక దగ్గరున్నది తాతా. క్లాసుల."

"పైకి నడువ్!" అన్నాడు అతుల్. "నలుగురున్న గల్లీల, మొగోల్ల నడుమ... తుషార్, తీస్కపో దాన్ని!"

తుషార్ ఒక అడుగు వేశాడు. మంగళ చేట పక్కన పెట్టి లేచి, కూతురికీ భర్తకూ మధ్య నిలబడింది.

"తీస్కపో," అంది. "ఎక్కడికి తీస్కపోతవ్? పైకి పియానో రాదు. పియానో లేకుంటె పిల్ల రాదు." గొంతు ఈసారి తగ్గించలేదు. "నిన్న మొన్నటిదాంక ఇదే గల్లీల కిరాణా కొట్టుకు మీకు సిగరెట్ తేను పంపినప్పుడు ఈ మొగోల్లంత యాడికి పొయ్యిన్రు? అప్పుడు పిల్ల, ఇప్పుడు పెద్దమనిషా? పెద్దమనిషైతె ఒక్క మాటన్న అడిగిన్రా దాన్ని, నీకేం కావాల్నని?"

తుషార్ వేసిన అడుగును వెనక్కి తీసుకున్నాడు. అతుల్ నోరు తెరిచాడు. అతను ఏమనేవాడో గానీ, ఒక పెద్ద వాన చినుకు పియానో మూత మీద టప్పున పడింది.

అతను దాన్ని చూశాడు. ఇంకొకటి పడింది. తన డబ్బు తన కళ్ల ముందే తడవడం మొదలుపెట్టింది. "తాడిపత్రి! తాడిపత్రి తెండి!" అని అరిచాడు. ఎవరో ప్లాస్టిక్ పట్టా ఇచ్చారు. దాన్ని కప్పుతూనే, "దీన్నిప్పుడు యాడ పెట్టాలె? ఆ టీచర్ కాడ జాగా ఉంటదా? ఏం టీచర్ ఆమె? ఫోన్ కొట్టు" అన్నాడు.

మంగళ ఫోన్ కలిపి, స్పీకర్ నొక్కి, బావగారి చేతికిచ్చింది.

సీమా టీచర్ మరాఠీలో మాట్లాడింది. గోడ పక్కన జాగా ఉందనీ, సంతోషంగా పెట్టుకుంటాననీ అంది. "అయితే ముందే చెప్తున్నాను. ఇక్కడ చాలామంది పిల్లలున్నారు. అందరూ వాయిస్తారు."

"అట్లెట్ల?" అతుల్ నోట్లో మరాఠీ, తెలుగు కలిసిపోయాయి. "పైసలు నావి! పియానో మాది! మా పోరి ముందు. మా పోరి వాయించినంక మిగిలినోల్లు."

"పూనమా? పూనం ఈమధ్య రావడమే లేదు కదా. మాన్పించారేమో అనుకున్నాను. రాని పిల్ల కోసం వచ్చే పిల్లలను ఎలా ఆపను?"

"ఎవరు మాన్పించిన్రు? ఎవరన్నరు? వస్తది! రోజూ వస్తది! ఆదివారం గూడ వస్తది!"

ఆ కేక మూడు అంతస్తులకూ వినబడింది. పై గ్యాలరీ నుంచి గంగాబాయి వంగి, "ఏమంటున్నవ్‌రా? ఎవరొస్తరు రోజూ?" అంది.

అతుల్ ఫోన్‌ను కిందికి దించి దానివంక చూశాడు. అన్న మాట అప్పుడే అతనికి వినబడినట్టుంది. బుచ్చన్న గొంతులో ఏదో పట్టినట్టు దగ్గాడు. గ్యాలరీల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి అందరూ ఆరేసిన బట్టలు తీయడంలో పడ్డారు. మంగళ కూడా నవ్వలేదు. ఆమెకు నవ్వు రాలేదు. ఒక పిల్ల రోజూ ఇంటి నుంచి బయటికి వెళ్లడానికి ఇంత బరువు మోయాలా అని ఒళ్లు మండుతోంది.

"నువ్వు ఊకోవే అమ్మా!" అని అతుల్ పైకి చూసి అరిచాడు. "ఈడ పియానో తడుస్తున్నది!"

*

చేత్తో తోసే హాత్‌గాడీ ఒకటి దొరికింది. చాల్‌లోని మగవాళ్లంతా చెయ్యి వేసి పియానోను ఎక్కించి, తాళ్లతో కట్టి, పైన పట్టా కప్పారు. ముందు తుషార్ పట్టుకున్నాడు. వెనక అతుల్ నెట్టడానికి నిలబడి, "యాడికి? ఏ గల్లీ?" అన్నాడు.

తుషార్ తల అడ్డంగా ఊపాడు. పిల్ల రెండేళ్లు వెళ్లివచ్చిన క్లాసు ఎక్కడుందో పెదనాన్నకు తెలియదు, తండ్రికి తెలియదు. అతుల్ మంగళ వైపు చూశాడు.

"నాకేమెర్క బావా," అంది మంగళ. "ఇంట్ల ఉండేదాన్ని."

పూనం అప్పటికే బండి ముందుకు వచ్చి నిలబడింది. తలమీద దుపట్టా వేసుకుని, "నా ఎనక రా పప్పా," అని నడవడం మొదలుపెట్టింది.

సన్నగా వాన పడుతోంది. మంగళ గొడుగు తెరిచి కూతురి పక్కకు పోబోయి, ఆగి, బండి వెనకే నడిచింది. పూనం మొదటి గల్లీ చివర కుడికి తిరిగింది. గుంత ఉన్నచోట చెయ్యెత్తి బండిని ఆపి, పక్కనుంచి రమ్మంది. ఆమెకు ఆ దారిలో ప్రతి గుంతా తెలుసు. ఎర్రలైట్ల గల్లీలో గుమ్మం మీద కూర్చుని జుట్టు దువ్వుకుంటున్న ఒకామె దువ్వెన ఆపి, "అరే పూనం! ఇత్నే దిన్ కిధర్ థీ?" అని, ఇన్నాళ్లూ ఎక్కడున్నావని పలకరించింది.

"ఘర్ పే, మౌసీ," ఇంట్లోనే ఉన్నానంది పూనం.

"యే క్యా హై?"

"పియానో."

ఆమె లేచి, రోడ్డుకు అడ్డంగా ఉన్న తన స్టూలును పక్కకు జరిపి బండికి దారిచ్చింది. అతుల్ తల వంచుకుని నెట్టాడు. ముఖం మీద కారుతున్నది వానో చెమటో తెలియలేదు. కొత్త షర్టు వీపుకు అతుక్కుపోయింది. చక్రం రాయెక్కి దిగినప్పుడల్లా పట్టా కింద తీగలన్నీ కలిసి ఒక్కసారి మూలిగాయి.

పెద్ద రోడ్డు దగ్గర అతను ఆగి నడుం పట్టుకున్నాడు. "ఇంకెంత దూరమే?" అని అరిచాడు.

పూనం వెనక్కి తిరగలేదు. ఎదురుగా వస్తున్న బస్సును అరచెయ్యి చూపి ఆపింది.

"దగ్గర్నే పెద్దనాయినా," అంది. "నేను రోజూ నడిచేదే."